చెరువు తెరిచామన్నారు, నీళ్లు ముట్టేదెవరు?

(అంబేద్కర్ జయంతి నాడు మండల కేంద్రంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్ది మార్పులతో అచ్చువేస్తున్నాం. – సం.)



నాకంటే ముందు మాట్లాడిన అన్నలు శ్మశాన భూమి గురించి, కూలి బకాయిల గురించి చెప్పారు. అవి చెప్పాల్సినవే. ఇప్పుడు నేను ఎత్తుకునే సంగతి విని "ఈ మేష్టారికి ఎండదెబ్బ తగిలిందా ఏంది" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను కంప్యూటర్ చిప్పు గురించి మాట్లాడతా. ఆ చిప్పును గీసే విద్య ఎవరి చేతిలో ఉంది, ఎట్లా దాని తలుపు కొంచెం తెరుచుకుంది, ఆ తలుపు దగ్గరికి మన పిల్లలు పోగలరా లేదా అన్నది నా మాట.

ముందు చిప్పు అంటే ఏందో చెప్తా. రేషన్ షాపులో వేలు పెట్టమంటారు చూడండి, వేలిముద్ర పడలేదు పొమ్మంటారు, ఆ మిషన్ లోపల ఉండేది చిప్పు. మీ జేబులో ఫోన్లో ఉండేది చిప్పు. గోరంత బిళ్ల. ఇసుకలోంచి సిలికాన్ తీసి, శుద్ధి చేసి, పళ్లెంలాగా పలచగా కోసి, దాని మీద ఫొటో దించినట్టు బొమ్మ దించుతారు. ఆ బొమ్మలో కోట్లకొద్దీ తూములుంటాయి. నేను తూము అంటున్నా, వాళ్లు ట్రాన్సిస్టర్ అంటారు. తూము ఎత్తితే నీళ్లు పోతాయి, దించితే ఆగిపోతాయి. ఇక్కడ పారేది కరెంటు. ఒక తూములోంచి వచ్చిన పారకం ఇంకో తూమును ఎత్తుతుంది, అది ఇంకోదాన్ని దించుతుంది. ఏ కాలవ ఎటు పోవాలి, ఏ తూము ఎక్కడ పెట్టాలి అని ముందే గీసుకోవాలి. ఆ గీసే పనినే డిజైన్ అంటారు. గీసినదాన్ని సిలికాన్ మీదికి దించే పని కర్మాగారానిది. గీసేవాడు వేరు, దించేవాడు వేరు, దించిన బిళ్లకు సన్న తీగలు అంటించి పెట్టెలో బిగించేవాడు వేరు. ఎక్కువ డబ్బు, పేరు గీసేవాడివి. తక్కువ కూలి బిగించేవాడిది. ఈ వరస మనకు కొత్తది కాదు.

ఒక కథ చెప్తా. కథంటే కట్టుకథ కాదు, జరిగిన చరిత్ర.

అమెరికాలో నవాహో అని ఒక ఆదివాసీ జాతి ఉంది. అది బయటివాళ్లు పెట్టిన పేరు, తమను తాము దినే అని పిలుచుకుంటారు. వాళ్ల భూములన్నీ తెల్లవాళ్లు గుంజుకుని, ఒక ఎడారి ముక్క చూపించి ఇక్కడ ఉండండి అన్నారు. అక్కడ న్యూమెక్సికో రాష్ట్రంలో షిప్‌రాక్ అనే ఊరుంది. ఫెయిర్‌చైల్డ్ అని అప్పట్లో చిప్పుల తయారీలో పెద్ద కంపెనీ. చిప్పును కనిపెట్టినవాళ్లలో ఒకడైన రాబర్ట్ నాయిస్ 1959లో ఆ పని చేసింది ఆ కంపెనీలోనే. 1965లో ఆ కంపెనీ షిప్‌రాక్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. వెయ్యి మందికి పైగా పనిచేశారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి, వెంట్రుక కంటే సన్నని తీగలు అంటించడం పని. 1969లో కంపెనీవాళ్లు ఒక పుస్తకం అచ్చువేశారు. అందులో నవాహో ఆడవాళ్లు నేసే రగ్గు బొమ్మను, చిప్పు బొమ్మను పక్కపక్కన పెట్టారు. ఈ జాతి ఆడవాళ్ల వేళ్లలోనే ఈ నేర్పు ఉంది, తరతరాలుగా నేసిన చేతులివి, ఈ పనికి వీళ్లే తగినవాళ్లు అన్న భావం వచ్చేట్టు రాశారు.

వినడానికి పొగడ్తే. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రగ్గు నేసే మనిషి ముందు బొమ్మను తలలో గీసుకోవాలి. పడుగు లెక్క, పేక లెక్క తలలో ఉండాలి. మన మాలపల్లెల్లో ఒకప్పుడు మగ్గాలుండేవి, ముతక గుడ్డ నేసి ఊరందరికీ కట్టబెట్టిన తాతలు మనకున్నారు. లెక్క లేకుండా నేత లేదని వాళ్ల మనవళ్లకు నేను చెప్పక్కర్లేదు. అట్లాంటి తల ఉన్న ఆడవాళ్లను తెచ్చి కూర్చోబెట్టి కంపెనీ వాడుకున్నది వేళ్లను. బొమ్మ గీసే గది వందల మైళ్ల అవతల కాలిఫోర్నియాలో ఉంది, ఆ గదికి వీళ్లను రానివ్వలేదు. ద్రోణుడు ఏకలవ్యుడి దగ్గర ఒక్క బొటనవేలు అడిగాడు. ఈ ద్రోణులు పది వేళ్లూ అడిగారు, తల మాత్రం మాకొద్దన్నారు.

1975లో 140 మంది కార్మికులను పనిలోంచి తీసేశారు. ఫిబ్రవరి నెలాఖరులో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్లు ఆ ఫ్యాక్టరీలోకి దూరి వారం రోజులు ఆక్రమించుకున్నారు. వాళ్లు బయటికి వచ్చాక కంపెనీ తాళం వేసి పోయింది. పనిచేసినవాళ్లకు ఏం మిగిలింది? చిప్పులు అంటించడం వచ్చు, గీయడం రాదు. పది ఏళ్లు చిప్పుల మధ్య బతికిన ఊళ్లో చిప్పు విద్య మిగల్లేదు. తర్వాత 1994లో మారిలూ షుల్ట్జ్ అనే నవాహో నేతకారిణి చేత ఇంటెల్ కంపెనీ ఒక రగ్గు నేయించింది. పెంటియం చిప్పు లోపలి బొమ్మనంతా ఆమె మగ్గం మీద నేసింది. తల లేదన్నవాళ్లు ఆ రగ్గును చూడాలి.

సరే, ఆ గీసే గది తలుపు ఎవరు తీశారు? ఇది ఇంకో కథ. ఇది కూడా ఒక వెలివేసిన మనిషి కథే.

లిన్ కాన్వే అని ఒకామె. ఐబీఎం కంపెనీలో పనిచేసేది. కంప్యూటర్ ఒకేసారి చాలా పనులు ఎట్లా సర్దుకోవాలో ఒక కొత్త పద్ధతి కనిపెట్టింది. పుట్టినప్పుడు ఆమెకు మగ అని ముద్ర వేశారు. నేను మగ కాదు, ఆడమనిషిగా బతుకుతా, దానికి వైద్యం చేయించుకుంటా అని చెప్పింది. 1968లో కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. అంత చదువు, అంత పని ఉండి కూడా. పేరు మార్చుకుని, వెనకటి జీవితమంతా దాచుకుని, అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. కులం దాచుకుని పట్నంలో అద్దెకుండేవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఇంటిపేరు అడగ్గానే గుండె దడదడలాడటం ఏందో మనకు తెలుసు. ఆమె అట్లా ముప్పై ఏళ్లు బతికింది. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో, 52 ఏళ్ల తర్వాత. ఆమె 2024లో చనిపోయింది.

ఆమె చేసిన పని వినండి. 1970లలో చిప్పు గీసే విద్య కొన్ని కంపెనీల లోపల, కొద్దిమంది దగ్గర ఉండేది. ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత, ఒక్కో రహస్యం. గురువు పక్కన ఏళ్లతరబడి కూర్చుంటే తప్ప రాదు. కాన్వే, కార్వర్ మీడ్ అనే ప్రొఫెసర్ కలిసి ఆ చిక్కును విప్పారు. కర్మాగారం ఏదైనా సరే, ఒకే కొలతతో గీద్దాం అన్నారు. ఆ కొలతకు లాంబ్డా అని పేరు పెట్టారు. గీత ఇన్ని లాంబ్డాల వెడల్పు, రెండు గీతల మధ్య సందు ఇన్ని లాంబ్డాలు. మనం బెత్తెడు, జానెడు, మూరెడు అనమా? అట్లాంటిదే. రేపు చేయి చిన్నదైతే జాన కూడా చిన్నదవుతుంది, లెక్క మాత్రం మారదు. ఈ సూత్రాలన్నీ పెట్టి పుస్తకం రాశారు, విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్పారు. 1978లో ఆమె ఎమ్‌ఐటీలో ఆ పాఠం చెప్పింది. చిప్పు మొహం చూడని విద్యార్థులు ఒక్క సెమిస్టర్‌లో సొంత చిప్పులు గీశారు.

గీశారు సరే, దించేదెట్లా? ఇక్కడ రెండో తెలివి ఉంది. మన పత్రిక అచ్చేసే ప్రెస్సు సంగతి మీకు తెలుసు. ప్లేటు చేయించడానికే ఖర్చు. ఒక్క కాగితం వేసినా ప్లేటు ఖర్చు అంతే. అందుకని ఒక్కోసారి మన కరపత్రం, ఇంకొకరి పెళ్లి కార్డు, మరొకరి రసీదు పుస్తకం ఒకే ప్లేటు మీద సర్ది, అచ్చు తీశాక కోసి ఎవరిది వాళ్లకిస్తారు. చిప్పుకూ అంతే. 1979లో 12 విశ్వవిద్యాలయాల విద్యార్థులు, అధ్యాపకులు గీసిన 82 డిజైన్లను ఒకచోట పోగుచేసి, కలిపి అచ్చు తీయించారు. నెల తిరిగేసరికి ఎవరి చిప్పు వాళ్ల చేతికి వచ్చింది. 1981లో మోసిస్ అనే పేరుతో ఇది ఒక శాశ్వతమైన ఏర్పాటు అయింది. ఖర్చు భరించింది ప్రభుత్వమే. అమెరికా సైన్యం పరిశోధన నిధుల నుంచి ఆ డబ్బు వచ్చింది, ఆ సంగతి నేను దాచను. అయినా గమనించాల్సింది ఒకటుంది. ప్రైవేటువాడు దయతలచి తెరిచిన తలుపు కాదది. సర్కారు డబ్బుతో, పుస్తకంలో అందరికీ అర్థమయ్యేట్టు రాసి తెరిచిన తలుపు.

ఆ తర్వాత మళ్లీ మూతపడుతూ వచ్చింది. చిప్పులు సన్నబడేకొద్దీ గీసే సాఫ్ట్‌వేర్ రెండు మూడు కంపెనీల సొత్తు అయింది, దాని కిరాయి లక్షల్లోకి పోయింది. కర్మాగారాల దగ్గర కొలతల పుస్తకం ఒకటుంటుంది. ఎంత సన్నగా గీయొచ్చు, ఎంత సందు వదలాలి, తూము ఎట్లా నడుస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. అది కావాలంటే ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాలి. వేదం విన్న చెవిలో సీసం పొయ్యమన్న ధర్మశాస్త్రం మనకు తెలుసు. ఇక్కడ సీసం బదులు కోర్టు నోటీసు. అంతకంటే తేడా నాకు కనపడలేదు.

2020 జూన్‌లో ఆ పుస్తకం ఒకటి బయటికి వచ్చింది. అమెరికాలో స్కైవాటర్ అనే కర్మాగారం, గూగుల్ కలిసి 130 నానోమీటర్ల పద్ధతి కొలతలన్నీ ఎవరైనా తీసుకోండని లోకానికి విడిచిపెట్టారు. ఎవరి సంతకమూ అక్కర్లేదు. గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా దొరికేది తయారైంది. మ్యాజిక్ అని ఒకటుంది, అది 1980లలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఓపెన్‌రోడ్ అని ఇంకోటి 2018లో మొదలైంది. నీ డిజైన్ నలుగురికీ కనపడేట్టు పెడితే నీ చిప్పు ఉచితంగా అచ్చు తీసిస్తామని గూగుల్ డబ్బు పెట్టి, ఈఫాబ్‌లెస్ అనే సంస్థ ద్వారా కొన్ని విడతలు చేయించింది. 2022లో టైనీ టేపౌట్ అని మొదలైంది. అది ఒకే చిప్పును చిన్నచిన్న గదులుగా పంచి, గదికింత అని తీసుకుని వందల మంది డిజైన్లను కలిపి దించుతుంది. ఒక గది ఖర్చు ఒక పాడి గేదె ఖరీదు కంటే తక్కువ. బడి పిల్లలు కూడా గీసి పంపారు.

చిప్పుకు ఆజ్ఞలిచ్చే భాష ఒకటుంటుంది. అది ఇంటెల్‌దో ఆర్మ్‌దో అయి ఉండేది, వాడుకుంటే కప్పం కట్టాలి. 2010లో బర్కిలీలో రిస్క్-ఫైవ్ అని కప్పం లేని భాష తయారుచేశారు. మద్రాసు ఐఐటీవాళ్లు దాంతోనే శక్తి అనే ప్రాసెసర్ గీశారు. 2018లో అది చిప్పుగా బయటికి వచ్చింది, ఒకటి మన దేశంలోనే మొహాలీ కర్మాగారంలో తయారైంది.

ఇదంతా మంచిదేనా అంటే మంచిదే. ఇక్కడే నేను మిమ్మల్ని మహద్‌కు తీసుకుపోవాలి.

1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. ప్రభుత్వ నిధులతో కట్టిన బావులు, చెరువులు, బడులు అంటరానివాళ్లకూ తెరవాలని. 1924లో మహద్ మునిసిపాలిటీ మా చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. ఎంతమంది తాగారు? ఒక్కరూ లేరు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోయి దోసిట్లో నీళ్లు తీసుకుని తాగాకే అది మనకూ చెరువైంది. ఆ తాగినందుకు అదే రోజు తలలు పగిలాయి. మళ్లీ చెరువును పేడతో, పంచితంతో శుద్ధి చేశారు.

ఎవరైనా తీసుకోవచ్చు అనే మాటను ఆ మహద్ తీర్మానంలాగే చదవాలి. కొలతల పుస్తకం తెరిచే ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. కంప్యూటర్ కావాలి, నెట్ కావాలి, రాత్రంతా కరెంటు కావాలి, తప్పు చేస్తే తిట్టకుండా చెప్పేవాడు ఒకడు కావాలి. నేను పనిచేసిన ఒక బడిలో పది కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని గదికి తాళం వేశారు. తాళం చెవి పెద్దసారు జేబులో. మూడేళ్లకు వాటిని ఎలకలు ముట్టుకున్నాయి. ఆ మూడేళ్లూ రికార్డుల్లో మా బడి కంప్యూటర్ విద్య ఉన్న బడి!

ఇంకోటి. దయతో తెరిచిన తలుపు దయ తీరాక మూతపడుతుంది. గూగుల్ ఉచిత విడతలు ఆగిపోయాయి. 2025 మార్చిలో ఈఫాబ్‌లెస్ డబ్బు లేక మూతపడింది. అప్పటికే డబ్బు కట్టి డిజైన్ పంపినవాళ్ల చిప్పులు నడిమధ్యలో ఇరుక్కుపోయాయి. టైనీ టేపౌట్ వాళ్లు జర్మనీలో ఐహెచ్‌పీ అనే కర్మాగారం దగ్గర మళ్లీ దారి వెతుక్కున్నారు. అది ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థ. 1981లో మోసిస్, ఇప్పుడు ఐహెచ్‌పీ, రెండుసార్లూ సర్కారు సొమ్ము ఉన్నచోటే తలుపు నిలబడింది. ప్రైవేటు చేస్తే అందరికీ అందుతుంది అని పాట పాడేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

మీకు అబద్ధం చెప్పను. ఈ తెరిచిన కొలతలతో మీ ఫోన్లోని చిప్పు తయారుకాదు. 130 నానోమీటర్లంటే పాతికేళ్ల నాటి పద్ధతి. కొత్త చిప్పులు అచ్చువేసే మిషన్ ఒక్క నెదర్లాండ్స్ కంపెనీయే చేస్తుంది, ఒక్కో మిషన్ వెయ్యి కోట్ల రూపాయల పైమాట. ఆ చిప్పుల్లో ఎక్కువ భాగం తైవాన్‌లోనే తయారవుతాయి. కానీ మోటారు స్టార్టర్‌కు, తేమ కొలిచే పరికరానికి, తూకం మిషన్‌కు, చెవిటి మిషన్‌కు పాత పద్ధతి చాలు. పని నేర్చుకోవడానికైతే అంతకంటే ఎక్కువ. అక్షరాలు దిద్దినవాడే కదా గ్రంథం రాసేది.

ఇక మన దేశం సంగతి. మొహాలీలో ప్రభుత్వ చిప్పుల కర్మాగారం 1980ల నుంచి ఉంది. 1989లో కాలిపోయింది, మళ్లీ కట్టారు. ఇప్పుడు 180 నానోమీటర్ల పద్ధతిలో చేస్తుంది. 2021 డిసెంబరులో కేంద్రం చిప్పుల కోసం 76,000 కోట్ల పథకం ప్రకటించింది. 2022లో చిప్స్ టు స్టార్టప్ అని పెట్టి, 85,000 మందికి శిక్షణ ఇస్తామన్నారు. కాలేజీలకు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను బెంగుళూరు సీడాక్ కేంద్రం ద్వారా అందిస్తున్నారు. విద్యార్థులు గీసిన చిప్పులు మొహాలీలో తయారై వాళ్ల చేతికి వచ్చాయి కూడా. బాగుంది. మన దగ్గర ఒక పాలిటెక్నిక్‌కు పోయి అడిగా. ఆ పథకం పేరు విన్నవాళ్లు దొరకలేదు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో నా వయసున్న మీటర్లు ఉన్నాయి.

ప్రపంచంలో చిప్పులు గీసేవాళ్లలో ఐదోవంతు భారతదేశంలోనే ఉన్నారని ప్రభుత్వం గొప్పగా చెబుతుంది. బెంగుళూరులో, హైదరాబాదులో కూర్చుని విదేశీ కంపెనీలకు గీస్తున్నారు. ఆ ఐదోవంతులో మాల మాదిగలు ఎంతమంది? చెప్పరు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు కాబట్టి లెక్క చెప్పాల్సిన పనే లేదు. ప్రతిభ అంటారు. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కట్టగలగడం ప్రతిభలో ఎన్నో భాగం అని మాత్రం అడక్కూడదు. మనవాడు ఒకడు అన్నీ దాటి అమెరికా పోయినా కులం వెంటే విమానం ఎక్కుతుంది. లేకపోతే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం ఎందుకు చేసింది? అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా అట్లాంటి బిల్లు ఆమోదిస్తే అక్టోబరులో గవర్నరు ఆపేశాడు.

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు చిప్పుల ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ ఒకటి మంజూరు చేశారు. ప్యాకేజింగ్ అంటే ఏందో ఇందాక చెప్పా, బిళ్లను పెట్టెలో బిగించే పని. ఉద్యోగాలొస్తాయి, రానివ్వండి. మన ఆడపిల్లలను బస్సుల్లో తీసుకుపోతారు. పొమ్మనే చెప్తా, కూలి మంచిదైతే, సంఘం పెట్టుకోనిస్తే. కానీ షిప్‌రాక్‌ను మర్చిపోవద్దు. వేళ్లు లోపలికి పోయినప్పుడు తల కూడా లోపలికి పోవాలని అడగాలి.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన డిమాండ్ కాదు. 1942లో అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డు కులాల బాధల మీద ఒక విజ్ఞాపన పత్రం ఇచ్చాడు. అందులో ఆయన మొగమాటం లేకుండా చెప్పింది ఏందంటే, మావాళ్లకు బీఏ, లా చదువులతో పెద్దగా ఒరిగేది లేదు, సైన్సు, టెక్నాలజీలో పైచదువులు కావాలి, అవి సర్కారు సాయం లేకుండా మావాళ్ల వల్ల కావు అని. ఏటా స్కాలర్‌షిప్పులకు రెండు లక్షల రూపాయలు అడిగాడు, విదేశీ చదువుకు ఇంకో లక్ష రూపాయలు అడిగాడు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మా పిల్లలకు పని నేర్పండి అన్నాడు. మనం ఆయన విగ్రహం చేతిలో పుస్తకం పెట్టాం. ఆ పుస్తకం రాజ్యాంగం, నిజమే. ఆయన వర్క్‌షాపు కూడా అడిగాడని పిల్లలకు చెప్పడం మర్చిపోయాం. నేనూ మర్చిపోయా. ఇరవై ఏళ్లు ప్రతి ఏప్రిల్ 14న ఉపన్యాసం చెప్పి కూడా.

నాకు గుర్తుచేసింది ఒక ఆడపిల్ల. ఇక్కడే ఉంది, పేరు చెప్పొద్దంది, చెప్పను. డిప్లొమా చదువుతుంది. వాళ్లమ్మ ఇటుక బట్టీకి పోతుంది. బట్టీలో వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. లెక్క మేస్త్రిది. అమ్మ పన్నెండు వందలు కోశానంటే మేస్త్రి వెయ్యే అంటాడు. విరిగినవి తీసేశా అంటాడు. ఈ పిల్ల పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి, నేనిందాక చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక లెక్కపెట్టే చిప్పు గీసింది. బొత్తాం నొక్కితే ఒకటి పెరుగుతుంది, తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా లెక్క పెడుతుంది. అచ్చు పక్కన పెట్టుకుంటే అమ్మ లెక్క అమ్మ దగ్గర ఉంటుంది. "సార్, ఇది పది రూపాయల చిప్పుతో కూడా అవుద్ది, బజార్లో దొరుకుద్ది. కానీ ఇది నేను గీసింది" అంది. తెల్లవార్లూ కూర్చుని గీసిందంట. మొదటిసారి ఆ సాఫ్ట్‌వేర్ తొంభై తప్పులు చూపించింది, అన్నీ దిద్దుకుంది. ఆ తప్పులన్నీ ఇంగ్లీషులో ఉంటే ఒక్కో మాటకు నిఘంటువు చూసుకుంది. ఆ నోటుబుక్కు నా దగ్గరుంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఆమె రాసుకున్న తెలుగు. నేను తూము అన్నది ఆ పిల్ల రాసిన మాటే. నా మాట అనుకుని ఇందాకటి నుంచి మెచ్చుకుంటున్నారేమో, కాదు.

గీసింది కానీ పంపలేదు. గదికి డబ్బు కట్టాలి, విదేశానికి కార్డు మీద కట్టాలి. వాళ్లింట్లో అట్లాంటి కార్డు లేదు. వాళ్ల అమ్మకు కూలి రావాల్సింది ఇంకా ఉంది.

కాబట్టి ఈ సభ నుంచి నేను అడిగేది ఇది. వచ్చే విడతకు ఆమె డిజైన్ పోవాలి. దానికి చందా మనం వేసుకుందాం. శ్మశానం గోడకు వేసుకున్నాం, కోర్టు కేసుకు వేసుకున్నాం, దీనికీ వేసుకుందాం. అంబేద్కర్ భవనంలో వెనక గది ఖాళీగా ఉంది, అందులో ఆదివారాలు నాలుగు ల్యాప్‌టాప్‌లు పెడదాం. తాళం చెవి ఏ పెద్దమనిషి జేబులోనూ ఉండకూడదు, పిల్లల దగ్గరే ఉండాలి. ఆ నోటుబుక్కులోని తెలుగు మాటల్ని ఈ పత్రికలో విడతలుగా అచ్చువేయమని సంపాదకుణ్ణి అడుగుతున్నా.

ఇక సర్కారును అడిగేది వేరే ఉంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు, పాలిటెక్నిక్ పిల్లలకు మొహాలీ విడతల్లో ఏటా ఇన్ని గదులు అని విడిగా పెట్టాలి. 85,000 మందికి శిక్షణ అంటున్నారు కదా, అందులో ఎస్సీ ఎస్టీ పిల్లలు ఎంతమందో కాలేజీలవారీగా బయటపెట్టాలి. చెప్పకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం, దరఖాస్తు నేను రాసిపెట్టా. మొహాలీ కొలతల పుస్తకాన్ని కూడా స్కైవాటర్‌లాగా అందరికీ తెరవాలి. జనం పన్నులతో కట్టిన కర్మాగారం అది, మన బీడీల పన్ను, సబ్బు పన్ను అందులో ఉంది.

సభ అయ్యాక వేపచెట్టు కింద బల్ల వేసి ఇద్దరు తమ్ముళ్లు కూర్చుంటారు. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్నవాళ్లు పేరు, ఊరు, ఫోన్ నెంబరు రాయించండి. దరఖాస్తు మీద సంతకం పెట్టండి, వేలిముద్ర అయినా పర్వాలేదు. చందా పది రూపాయలైనా సరే, రసీదు తీసుకోకుండా పోవద్దు. నేను ముందు ఐదువందలు రాయిస్తున్నా. మైకు పక్క అన్నకు ఇస్తున్నా. జై భీమ్.